సైకాలజిస్ట్ దగ్గరికి మొదటిసారి: ఫీజు ఎంత, ఇంట్లో తెలుస్తుందా, ఏం చెప్పాలి?

ఇవాళ మాచర్లలో మా ఇంటి డాబా మీద కూర్చుని మాట్లాడుతున్నాను. కింద మిరపకాయలు బస్తాలకెత్తుతున్నారు, ఆ ఘాటుకి మధ్యలో తుమ్మితే కట్ చెయ్యను, అట్టాగే వదిలేస్తాను.

పోయిన ఎపిసోడ్‌లో మాటల మధ్యలో నోరు జారి ఒక ముక్క చెప్పేశాను, నేను కొంతకాలం సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళానని. అప్పట్నుంచి తెలిసినవాళ్ళు, తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. చిత్రం ఏంటంటే ఒక్కరు కూడా "ఎందుకు వెళ్ళావు?" అని అడగలా. అందరూ అడిగేవి ఇవే: "అన్నా, ఎంత తీసుకుంటారు? ఇంట్లో తెలుస్తుందా? తెలుగులో మాట్లాడొచ్చా? లోపలికి పోయాక ఏం చెప్పాలి?" అంటే వెళ్ళాలన్న ఆలోచన వీళ్ళందరికీ ముందే ఉంది. ఆగిపోయింది ఈ చిన్న చిన్న వాటి దగ్గర. నేనూ ఏడు నెలలు అక్కడే ఆగిపోయాను. అందుకని ఇవాళ ధైర్యం మీద ఉపన్యాసం ఏమీ లేదు. డబ్బులు, గది, భాష, మన మాట బయటికి పోకుండా ఉండటం, వీటి గురించే మాట్లాడుకుందాం.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, సైకాలజిస్ట్‌ని కాదు. ఇంట్లోంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. వెళ్ళొచ్చినవాడిగా చెప్తున్నా, అంతే.

నా సంగతి క్లుప్తంగా. ఒక రాత్రి పదకొండున్నరకి లాప్‌టాప్ మూసి పడుకోబోతుంటే గుండె ఒక్కసారిగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. చేతులు తిమ్మిర్లు, ఊపిరి అందట్లేదు, ఒళ్ళంతా చెమట. చచ్చిపోతున్నానని నిజంగా అనుకున్నా. నాన్న బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఈసీజీ తీశారు, నార్మల్. "గ్యాస్ అయ్యుంటుంది" అన్నారు. పది రోజులకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఈసీజీ, మళ్ళీ గ్యాస్. మూడోసారి గుంటూరు వెళ్ళాం. టూడీ ఎకో, థైరాయిడ్, రక్త పరీక్షలు అన్నీ చేశారు. అక్కడి డాక్టరుగారు రిపోర్టులు పక్కన పెట్టి, "గుండె బాగుంది బాబూ. దీన్ని ప్యానిక్ ఎటాక్ అంటారు. సైకియాట్రిస్ట్‌కో సైకాలజిస్ట్‌కో చూపించుకో" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు సత్తెనపల్లి దాటేదాకా నాన్న ఏం మాట్లాడలా. తర్వాత మెల్లగా అన్నాడు, "బాలచంద్రుడు నడిచిన గడ్డరా ఇది. నీకు భయమేంది?" తిట్టలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. మన పల్నాడులో పౌరుషం కథలు వింటూ పెరుగుతాం కదా, మగపిల్లాడు భయం అంటే అదేదో పరాయి భాషలో మాట్లాడినట్టుంటుంది వాళ్ళకి. ఇంటికొచ్చాక అమ్మ దిష్టి తీసింది. నేనేం కాదనలా. ఎండుమిరపకాయలకి మా ఇంట్లో కరువా!

పరీక్షలన్నీ ముందు చేయించుకోవడం దండగ అనుకోకండి. గుండెదడ థైరాయిడ్ వల్ల కూడా రావచ్చు, రక్తం తక్కువైనా రావచ్చు. అవి లేవని ఒకసారి తేల్చుకోవాలి. తేలాక మళ్ళీ మళ్ళీ అదే ఈసీజీ తీయించుకుంటూ ఉండటమే దండగ. నేను చేసింది అదే.

ఇప్పుడు అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్తాను. మా మేనమామ తనకి తెలిసిన ఒకాయన్ని చెప్పాడు. వేరే ఊళ్ళో ఉంటారు, బయట సైకాలజిస్ట్ అని బోర్డు. ఆయన పేరు, ఊరు చెప్పను. వెళ్ళాను, ఒక ఇరవై నిమిషాలు కూర్చోబెట్టుకున్నారు. నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పని ఒక సంగతి, ఒక అమ్మాయి గురించి, ఆ గదిలో చెప్పాను. ఆయన "పెళ్ళి చేసుకుంటే అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. సరే అనుకుని వచ్చేశా. ఆ రాత్రి భోజనాల టైముకి మామ ఫోన్. "ఏరా, ఆ అమ్మాయెవర్రా?"

కంచం ముందు కూర్చున్నవాణ్ణి అట్టాగే ఉండిపోయా. మన ఊరు మీకు తెలుసుగా, ఒక బజార్లో తుమ్మితే ఇంకో బజార్లో చిరంజీవ అంటారు. రెండు రోజుల్లో అమ్మకి తెలిసింది. ఆ అమ్మాయి ఇంటిదాకా పోకుండా ఆపడానికి నేను మామ కాళ్ళు పట్టుకున్నంత పనిచేశా. ఆ తర్వాత ఏడు నెలలు ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. ఆ ఏడు నెలల్లో బస్సెక్కడం మానేశా, ఎటాక్ వస్తే దిగలేనని. తర్వాత సినిమా హాలు. తర్వాత పెళ్ళిళ్ళు. కంపెనీవాళ్ళు నెలకి నాలుగు రోజులు హైదరాబాద్ ఆఫీసుకి రమ్మంటే కుదరదన్నా, ఆ ప్రాజెక్టు పోయింది. చివరికి ఇంటి నుంచి రింగ్ రోడ్డు దాకా వెళ్ళాలన్నా తమ్ముడు పక్కన ఉండాల్సిన స్థితికొచ్చా.

అందుకే మీరడిగే "ఇంట్లో తెలుస్తుందా" అన్న ప్రశ్న నాకు చిన్నదిగా అనిపించదు. అన్నిటికంటే ముందు దానికే జవాబు చెప్తా.

మన దేశంలో 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. ఇంగ్లీషులో మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్. అందులో 23వ సెక్షన్ గోప్యత గురించి. మన ఆరోగ్యం, చికిత్స సంగతులు బయటికి చెప్పకూడదు, అది చికిత్స చేసేవాళ్ళ బాధ్యత. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మన ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు దాన్ని ఆపడానికి అవసరమైనంత వరకు చెప్పొచ్చు. కోర్టులాంటి చోటు నుంచి ఆదేశం వస్తే చెప్పాలి. మనకి వైద్యం చేస్తున్న వేరే డాక్టరుకి చెప్పొచ్చు. "వాళ్ళ మేనమామ నాకు తెలిసినాయన" అన్నది ఆ మినహాయింపుల్లో లేదు. ఈ ముక్క నాకు ఆ రాత్రి తెలిసుంటే ఏం చేసేవాణ్ణో కానీ, తప్పు నాది కాదని మాత్రం తెలిసేది. ఏడు నెలలు నేను నన్నే తిట్టుకున్నా, అనవసరంగా నోరు తెరిచానని.

దీన్నుంచి నేను నేర్చుకున్న ఒక పద్ధతి: చుట్టం చెప్పినవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. వాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. కానీ మీ చుట్టానికీ వాళ్ళకీ మధ్య ఒక దారి ముందే ఉంది. ఆ దారి లేని మనిషిని వెతుక్కోండి. డాక్టరు పంపితే వేరు, అది వృత్తి సంబంధం.

మళ్ళీ ఎట్టా మొదలుపెట్టానంటే, మా పిన్ని కూతురు బీఎస్సీ నర్సింగ్ చదువుతుంది. అది ఒకరోజు ఇంటికొచ్చి, "అన్నయ్యా, నువ్వు వెళ్ళినాయన రిజిస్ట్రేషన్ నంబరు చూశావా?" అంది. నంబరేంది అన్నా. నెత్తి కొట్టుకుని అప్పుడు చెప్పింది తేడాలు.

సైకియాట్రిస్ట్ అంటే డాక్టర్. ఎంబీబీఎస్ అయ్యాక ఎండీ సైకియాట్రీ లాంటివి చేసినవాళ్ళు. మందులు రాస్తారు. సైకాలజిస్ట్ మందులు రాయరు. మాట్లాడటం, కొన్ని పద్ధతులు నేర్పించడం, కొన్ని పరీక్షలు పెట్టడం ద్వారా చికిత్స చేస్తారు. అందులో క్లినికల్ సైకాలజిస్ట్ అన్న మాటకి ఒక లెక్కుంది. దానికి ప్రత్యేక శిక్షణ పొందాలి. ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళలో ఎక్కువమంది రెండేళ్ళ ఎంఫిల్ చేసినవాళ్ళు. ఆ తర్వాత రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే సంస్థ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. పొట్టిగా ఆర్‌సీఐ. 1992 నాటి చట్టం కింద నడిచే సంస్థ. నమోదైతే నంబరు ఉంటుంది, ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోకి వెళ్ళి మనం ఫోన్‌లోనే చూసుకోవచ్చు. రెండు నిమిషాల పని. బండి కొనేటప్పుడు ఆర్‌సీ చూడకుండా కొంటామా? ఇదీ అంతే.

కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం రకరకాలవాళ్ళు పెట్టుకుంటారు. ఎంఏ, ఎంఎస్సీ సైకాలజీ చదివి మంచి శిక్షణతో పనిచేసేవాళ్ళున్నారు. చదువుల ఒత్తిడి, ఇంట్లో మాటపట్టింపులు, ప్రేమ విఫలం లాంటి వాటికి వాళ్ళు చక్కగా సాయం చెయ్యగలరు. వారాంతపు కోర్సు చేసి బోర్డు కట్టినవాళ్ళూ ఉంటారు. 2021లో వచ్చిన ఒక కేంద్ర చట్టంలో సైకాలజిస్టుల్ని, కౌన్సెలర్లని కూడా చేర్చారు. అయినా బోర్డు చూసి తేడా పట్టుకోవడం ఇప్పటికీ మన పనే. అడగండి. "మీరు ఏం చదివారు, ఎక్కడ శిక్షణ తీసుకున్నారు" అని అడిగితే మంచివాళ్ళు కోప్పడరు. కోప్పడితే మీ ఫీజు మిగిలింది అనుకోండి.

నేను నలుగురికి వాట్సాప్‌లో ఒకే మెసేజ్ పెట్టా. అది ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, చదువుతా, కావాలంటే కాపీ కొట్టుకోండి. "నమస్తే అండీ. నాకు 27 ఏళ్ళు. ఏడాదిగా ఉన్నట్టుండి గుండెదడ, భయం వస్తున్నాయి. గుండె పరీక్షలు బాగానే ఉన్నాయి. బస్సు ఎక్కలేకపోతున్నాను. మొదలుపెట్టే ముందు కొన్ని అడగొచ్చా? మీ ఆర్‌సీఐ నంబరు ఎంత? ఇట్టాంటి సమస్యకి మీరు ఏ పద్ధతి వాడతారు? పూర్తిగా తెలుగులో మాట్లాడొచ్చా? ఫీజు ఎంత, ఎంతసేపు, రాలేకపోతే ఎంత ముందు చెప్పాలి? నేను చెప్పింది మీరు ఎవరికైనా ఎప్పుడు చెప్తారు?"

నలుగురిలో ఒకరు జవాబే ఇవ్వలేదు. ఒకచోట నుంచి "ముందు పది సెషన్ల ప్యాకేజీ కట్టండి, తర్వాత మేడమ్ మాట్లాడతారు" అని వచ్చింది. ఒకరు మర్యాదగా, తనకి తెలుగు అంతగా రాదని చెప్పారు. నాలుగో ఆవిడ గుంటూరులో ఉంటారు. సాయంత్రం తనే ఫోన్ చేసి ఒక్కో ప్రశ్నకి ఒక్కో జవాబు చెప్పారు, ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. ఆఖరి ప్రశ్నకి ఆవిడన్న మాట: "నీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే ఇంట్లో ఒకరికి చెప్తాను, అదీ నీకు చెప్పే చెప్తాను. అది తప్ప మీ అమ్మగారు ఫోన్ చేసి అడిగినా, నువ్వు వస్తున్నావని కూడా చెప్పను." నేను ఆవిణ్ణి ఎంచుకున్నది ఈ ఒక్క మాటకే.

డబ్బుల సంగతి. నేను విచారించినప్పుడు, గుంటూరు, హైదరాబాద్, ఆన్‌లైన్ అన్నీ కలిపి ఒక సెషన్‌కి 800 నుంచి 2500 దాకా చెప్పారు. మా మేడమ్ 1000 తీసుకునేవారు, 50 నిమిషాలకి. వారానికోసారి అంటే నెలకి నాలుగు వేలు. నాకు అది తేలికేం కాదు, ఇంట్లో ట్రాక్టర్ కిస్తీ నేనే కడతా. మొహమాటపడకుండా చెప్పేశా. "మొదటి ఆరు వారాలు వారం వారం, తర్వాత పదిహేను రోజులకోసారి చేద్దాం" అన్నారు. మొత్తం 14 సెషన్లయ్యాయి. పద్నాలుగు వేలు, మా నాన్న లెక్కలో క్వింటా మిర్చి. అంతకుముందు ఈసీజీలకీ స్కానింగులకీ పోసింది దీనికంటే ఎక్కువే. ఎన్ని సెషన్లు పడతాయని మొదట్లోనే అడగండి. కచ్చితంగా చెప్పలేరు గానీ ఒక అందాజా చెప్తారు. నాలాంటి ప్యానిక్ సమస్యకి మామూలుగా పది, పదిహేను మధ్య అవుతుందన్నారు. చిన్నప్పటి గాయాలు, ఏళ్ళ తరబడి ఉన్నవైతే ఇంకా ఎక్కువ కాలం పట్టొచ్చు. "రెండు సిట్టింగుల్లో గ్యారంటీ" అన్నవాళ్ళకి దూరంగా ఉండండి. రంగు రాళ్ళు అమ్మేవాళ్ళ గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇన్సూరెన్స్ గురించి కూడా అడిగారు. ఇందాక చెప్పిన 2017 చట్టమే, శరీర జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలని కంపెనీలకి చెప్పింది. కానీ మన పాలసీలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరితేనే డబ్బులిస్తాయి. ఇట్టా వెళ్ళి మాట్లాడి వచ్చేదానికి ఓపీ కవర్ ఉండాలి. మీ పాలసీ కాగితాల్లో ఆ మాట ఉందో లేదో చూడండి. పెద్ద కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి ఉద్యోగుల సహాయ పథకం కింద కొన్ని ఉచిత సెషన్లు ఉంటాయి, హెచ్‌ఆర్ పంపిన పాత మెయిల్స్ వెతకండి. నేను వెతికేసరికి మా కంపెనీలో లేదని తేలింది, అది వేరే సంగతి.

తర్వాత గది. ఇది ఎవరూ మాట్లాడరు. నేను బస్సెక్కలేని మనిషిని కదా, గుంటూరు అంటే మూడు గంటల పైన ప్రయాణం. అందుకని మొదట వీడియో కాల్‌లో మొదలుపెట్టాం. మా ఇంట్లో రెండు గదులు, ఒక వరండా. అమ్మ, నాన్న, తమ్ముడు, నానమ్మ. తలుపేసుకుంటే "ఎందుకేసుకున్నావు" అని రెండు నిమిషాలకొకరు తడతారు. మొదటి సెషన్ డాబా మీద పెట్టా, పక్కింటి పిన్నిగారు బట్టలారేస్తూ అరగంట అక్కడే ఉన్నారు. నేను అరగంట వాతావరణం గురించి మాట్లాడా. రెండోది సాగర్ కుడి కాలువ గట్టు మీద. గాలి బ్రహ్మాండం, సిగ్నల్ సున్నా. చివరికి ఫ్రెండ్ ఒకడు ఫొటో స్టూడియో నడుపుతాడు, వాడు మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా భోజనానికి వెళ్తాడు. ఆ గంట తాళం నాకిచ్చేవాడు. ఎందుకని ఒక్కరోజు అడగలా. మీక్కూడా ఇట్టాంటి ఒక చోటు ముందే చూసుకోండి: పొలంలో మోటారు షెడ్డు, ఆపి ఉన్న కారు, ఆఫీసులో మీటింగ్ రూమ్, ఏదైనా సరే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అవతలి మాటలు బయటికి పోవు గానీ మన మాటలు పోతాయి, అది గుర్తుంచుకోండి. బండి నడుపుతూ మాత్రం వద్దు.

ఇంకోటి, యూపీఐ. నాన్న ఖాతాకి లింకైన ఫోన్ నుంచి కడితే మెసేజ్ నాన్నకే పోతుంది. నా ఖాతా వేరు కాబట్టి నాకు ఇబ్బంది రాలేదు. మీది ఉమ్మడిదైతే నగదు ఇవ్వొచ్చేమో అడగండి. ఇంట్లో అబద్ధాలు చెప్పమని నేననట్లేదు. ఎప్పుడు చెప్పాలో నిర్ణయం మీ చేతిలో ఉండాలి అంటున్నా. 18 నిండనివాళ్ళు మాత్రం, తల్లిదండ్రుల అనుమతి అడుగుతారు, దానికి సిద్ధంగా ఉండండి.

భాష. దీని మీద కాసేపు ఉంటా, ఎందుకంటే నాకు అసలు చికిత్స మొదలైంది ఇక్కడే అనిపిస్తుంది. నేను వెళ్ళగానే రీల్స్‌లో నేర్చుకున్న మాటలన్నీ దించేశా. "మేడమ్, నాకు యాంగ్జైటీ, డిప్రెషన్, ట్రామా, ఓవర్‌థింకింగ్." ఆవిడ అంతా విని, "మీ నానమ్మకి చెప్పాల్సి వస్తే ఏమని చెప్తావు?" అన్నారు. ఆలోచిస్తే నోరు పెగల్లేదు. ఆవిడే అందించారు. "దిగులా? భయమా? కంగారా? విసుగా? ఏమీ తోచకపోవడమా?" అప్పుడు చూసుకున్నా. నాకు దిగులు లేదు. తిండి తింటున్నా, నవ్వుతున్నా, మ్యాచ్ చూస్తున్నా. నాకున్నది కంగారు. అదీ ఎప్పుడంటే, ఎక్కడైనా ఇరుక్కుపోతానేమో, బయటపడలేనేమో అనిపించినప్పుడు. డిప్రెషన్ అన్న ఒక్క మాటలో ఇవన్నీ కలిపి మూటగట్టేసుకున్నా. మీరు వెళ్ళే ముందు కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి, ఇంట్లో మాట్లాడే భాషలో: ఏం జరుగుతోంది, ఎప్పట్నుంచి, ఎప్పుడు ఎక్కువవుతోంది, దానివల్ల ఏ పని ఆగిపోయింది. నాది "బస్సు ఎక్కలేకపోతున్నా" అన్న ఒక్క వాక్యంతో మొదలైంది. అది చాలు.

మొదటి సెషన్‌లో గుండె తేలికైపోతుందని ఆశ పెట్టుకోకండి. ఎక్కువ ప్రశ్నలే ఉంటాయి. నిద్ర, తిండి, ఇంట్లో ఎవరికైనా ఇట్టాంటిది ఉందా, మందు, సిగరెట్ అలవాటు, ఇప్పుడు వాడుతున్న మాత్రలు. ప్రశ్నలున్న ఫారం ఇవ్వొచ్చు. దిగులు ఎంతుందో చూడటానికి తొమ్మిది ప్రశ్నలతో పీహెచ్‌క్యూ-9 అని ఒకటుంది, దాన్ని చాలాచోట్ల వాడతారు. దాంట్లో తప్పు ఒప్పులేం ఉండవు, పాసవ్వాలని చూడకండి. చచ్చిపోవాలనిపించిందా అని కూడా సూటిగా అడుగుతారు. నన్నూ అడిగారు. నేను కాసేపు ఆగి, రెండు మూడుసార్లు అనిపించిందని చెప్పా. ఆవిడ కంగారుపడలా, క్లాస్ పీకలా. "పొలం మందులు ఇంట్లో పెడతారా?" అని అడిగారు. వరండాలో బీరువాలో ఉంటాయన్నా. ఆ తాళం తమ్ముడి దగ్గర ఉంచమన్నారు, నా చేతే వాడికి చెప్పించారు. వాడు ఆ సాయంత్రమే డబ్బాలన్నీ తీసుకెళ్ళి పొలంలో షెడ్డులో పెట్టి తాళం వేశాడు. పల్నాడులో ఇల్లు ఎట్టా ఉంటుందో తెలిసిన మనిషి అడిగే ప్రశ్న అది.

ఇప్పుడు వింటున్నవాళ్ళలో ఎవరికైనా అట్టాంటి ఆలోచన ఉంటే, సైకాలజిస్ట్‌ని వెతికేదాకా ఆగకండి. 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పక్కన ఒక మనిషిని కూడా కూర్చోబెట్టుకోండి. ప్రాణం మీదకి వచ్చిన పరిస్థితైతే 108. పోలీసు కేసు అవుతుందేమోనని భయపడేవాళ్ళకి ఒక మాట. 2017 చట్టంలో 115వ సెక్షన్, ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ చెబుతోంది.

ఫీజు అసలు కట్టలేనివాళ్ళకి కూడా ఆ 14416 ఉంది. గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, నేరుగా ఓపీకి వెళ్ళొచ్చు. జనం ఎక్కువ, 50 నిమిషాలు తీరిగ్గా మాట్లాడటం కుదరకపోవచ్చు. కానీ రోగం ఏంటో తేలుతుంది, మందులు దొరుకుతాయి.

మందుల ప్రసక్తి వచ్చింది కాబట్టి, మా మేడమ్ మూడో వారంలో నన్ను ఒక సైకియాట్రిస్ట్ దగ్గరికి కూడా పంపారు. ఆయన చూసి, కొన్ని నెలలు వాడమని ఒక మాత్ర రాశారు. దాని పేరు చెప్పను, ఎందుకంటే మీలో ఒకడు రేపు మెడికల్ షాపుకి పోయి అడుగుతాడు. నాకు సరిపడింది మీకు సరిపడాలని లేదు. మొదలుపెట్టాక మధ్యలో మనంతట మనం ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

చికిత్స అంటే ఏం చేస్తారు, ఊరికే మాట్లాడటమేనా అంటారు. నా విషయంలో వాడింది సీబీటీ అనే పద్ధతి. నాకు బాగా గుర్తున్న రోజు ఒకటుంది. "స్టూడియో మెట్లు ఎక్కి దిగు, పరుగెత్తుతూ, ఒక నిమిషం" అన్నారు. ఫోన్ స్టాండుకి పెట్టి పరుగెత్తా. గుండె దడదడా కొట్టుకుంటోంది. "ఇప్పుడు ఎట్టా ఉంది?" అన్నారు. అచ్చం ఎటాక్ వచ్చినట్టే ఉందన్నా. "మరి చచ్చిపోతావనిపించిందా?" లేదు, ఎందుకంటే ఎందుకొచ్చిందో తెలుసు కదా. అప్పుడు చెప్పారు, గుండె వేగం రెండుసార్లూ ఒకటే, దానికి నేను చెప్పుకునే అర్థం వేరు అని. భయంతో వేగంగా ఊపిరి పీల్చి వదిలితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి చేతులు తిమ్మిరెక్కుతాయట. నేను దాన్ని గుండెపోటు అనుకుని ఇంకా వేగంగా పీల్చేవాణ్ణి. తర్వాత వారానికో హోంవర్క్. ఒక వారం బస్టాండ్‌కి వెళ్ళి పది నిమిషాలు ఊరికే కూర్చుని రావడం. ఇంకో వారం ఆగి ఉన్న బస్సెక్కి దిగడం, కండక్టర్ నన్ను వింతగా చూశాడు. తర్వాత రెంటచింతల దాకా టికెట్. అక్కడ దిగి టీ తాగి వెనక్కొచ్చా. తొమ్మిదో సెషన్‌కి గుంటూరు ఒక్కణ్ణే వెళ్ళా. పిడుగురాళ్ళ దగ్గర ఒకసారి వచ్చింది ఎటాక్. కూర్చున్నా. పోయింది.

హోంవర్క్ చెయ్యని వారాలూ ఉన్నాయి. రెండుసార్లు చేశానని అబద్ధం చెప్పా. పట్టేసుకున్నారు. నవ్వి, "నాకు మార్కులు వేసే పనిలేదు, ఎందుకు చెయ్యలేకపోయావో చెప్పు" అన్నారు. కాబట్టి వెయ్యి రూపాయలిచ్చి అబద్ధాలు చెప్పడం అంత తెలివైన పనేం కాదు.

సైకాలజిస్ట్ నచ్చకపోతే ఎట్టా అని ఒక చెల్లెలు అడిగింది. మారొచ్చు. మూడు నాలుగు సెషన్లయ్యాక కూడా మీ మాట వినట్లేదు అనిపిస్తే మొహం మీదే చెప్పొచ్చు, మంచివాళ్ళైతే పద్ధతి మారుస్తారు, లేదా ఇంకొకరి పేరు చెప్తారు. కొన్నిటికి మాత్రం రెండో అవకాశం ఇవ్వకండి. ఒంటి మీద చెయ్యి వెయ్యడం, రాత్రిళ్ళు సొంత కబుర్లతో మెసేజ్‌లు పెట్టడం, కులం గురించో మతం గురించో క్లాసులు, మీ మాట బయట చెప్పడం. ఆర్‌సీఐలో నమోదైనవాళ్ళైతే అక్కడ ఫిర్యాదు చెయ్యొచ్చు. మెసేజ్‌లు, రసీదులు తీసిపెట్టుకోండి. నేను ఆ మొదటాయన మీద ఫిర్యాదు చెయ్యలా. చెయ్యాల్సిందేమో. రసీదు కూడా తీసుకోలేదు అప్పుడు.

ఇక పెళ్ళి సంబంధాలప్పుడు తెలుస్తుందా అని అడిగినవాళ్ళే ఎక్కువ. ఆ ఫైలు ఆ గదిలోనే ఉండాలి, వాళ్ళంతట వాళ్ళు ఎవరికీ ఇవ్వకూడదు. మీరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇద్దరి సంగతి. నేనైతే చెప్తాననుకుంటున్నా. ఇప్పుడు ఈ వీడియో చేశాక దాచడానికి ఏముంది లెండి, మామ కూడా చూస్తాడు. చూడు మామా.

అమ్మకి నేను పదో సెషన్ తర్వాత చెప్పా. కాసేపు ఏం అనలా. తర్వాత, "వాళ్ళు ఏమడుగుతారు?" అంది. చెప్పా. "నిద్ర పట్టనివాళ్ళని కూడా చూస్తారా?" అంది. ఎవరికి అన్నా. మాట మార్చేసింది. వచ్చే వారం గుంటూరు బస్సుకి రెండు టికెట్లు తీస్తున్నా. కింద నుంచి పిలుస్తున్నారు, కాటా దగ్గర మనిషి కావాలంట. ఉంటాను మరి.